బోదకాలు: పురుగు వేరు, వాపు వేరు, జ్వరం వేరు

మా పెద్దమ్మ వంటగది గోడకు వేలాడే క్యాలెండర్‌లో మూడు రకాల గుర్తులు ఉంటాయి. పాలు రాని రోజున సున్నా, గ్యాస్ సిలిండర్ మార్చిన రోజున గీత, కాలికి జ్వరం వచ్చిన రోజున ఇంటూ. విశాఖపట్నం పాతనగరంలో, గెడ్డకు కూతవేటు దూరంలో ఉన్న ఇంట్లో ఆమె నలభై ఏళ్లుగా ఉంటున్నారు. ఎడమ కాలు మోకాలి కిందనుంచి వాచిపోయి ముప్ఫై ఏళ్లయింది. రెండేళ్ల కిందట ఆ క్యాలెండర్‌ను జనవరి నుంచి డిసెంబరు దాకా తిరగేశాను. ఏడుసార్లు ఇంటూలు కనిపించాయి. వచ్చినప్పుడల్లా నాలుగైదు రోజులు వరసగా.

ఆ గోడకే ఒక ప్లాస్టిక్ కవరు కూడా వేలాడుతుంది. అందులో ఇన్నేళ్ల మందుల చీటీలన్నీ ఉన్నాయి. దాదాపు ప్రతి చీటీలోనూ ఒకటే మాత్ర: డైఇథైల్ కార్బమజీన్, జనం నోట్లో డి.ఇ.సి. జ్వరం వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు అదే రాశారు, ఆమె అదే మింగారు. ఒకసారి రాత్రిపూట రక్తపరీక్ష చేసి ‘పురుగు లేదు’ అన్నారట. అది విని, తనకున్నది బోదకాలు కాదేమో, వాతమేమో అని ఆమె రెండేళ్లు పసరు కట్లు కట్టించుకున్నారు. కాలి వేళ్ల సందులు విప్పి చూసినట్టు మాత్రం ఒక్క చీటీలోనూ లేదు. నన్ను ఈ వ్యాసం రాయడానికి కూర్చోబెట్టింది ఆ కవరే.

బోదకాలు అనే ఒక్క మాట కింద మనం మూడు సంగతులను కలిపేస్తున్నాం. ఒంట్లో చేరిన పురుగు ఒకటి. కాలి వాపు రెండోది. మాటిమాటికీ వచ్చే చలిజ్వరం మూడోది. మూడింటికీ చుట్టరికం ఉంది. కానీ కారణాలు వేరు, చికిత్సలు వేరు. ఒకదాని మందు ఇంకొకదానికి వాడితే ఏళ్లు గడిచిపోతాయి తప్ప కాలు మారదు.

మొదట పురుగు. దాని పేరు ఉకరేరియా బాంక్రాఫ్టి. తెల్లని కుట్టుదారంలా ఉంటుంది. ఆడది ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవు, మగది నాలుగు. రక్తనాళాల పక్కనే శరీరంలో మరో కాలువల వ్యవస్థ ఉంది, దాన్ని లింఫు అంటారు. రక్తనాళాల నుంచి కండల్లోకి ఊరి, తిరిగి రక్తంలోకి పోలేని నీటిని రోజుకు రెండు మూడు లీటర్ల దాకా పోగుచేసి, మెడ దగ్గర పెద్ద సిరల్లో కలపడం దాని పని. పురుగు కాపురం పెట్టేది ఆ నాళాల్లోనే, అదీ ఆరేడేళ్లపాటు. ఆ కాలమంతా ఆడపురుగు లక్షలాది సూక్ష్మమైన పిల్లలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. వాటిని మైక్రోఫైలేరియా అంటారు.

ఈ పిల్లల ప్రవర్తన వింతగా ఉంటుంది. పగలంతా ఊపిరితిత్తుల లోపలి రక్తనాళాల్లో దాక్కుంటాయి. రాత్రి పది నుంచి రెండు గంటల మధ్య చర్మం కింది సన్న నాళాల్లోకి గుంపులుగా వస్తాయి. వాటిని మోసుకుపోయే క్యూలెక్స్ దోమ కుట్టేది ఆ వేళలోనే. 1877లో చైనాలోని అమోయ్‌లో పనిచేస్తున్న స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ మాన్సన్ ఈ పురుగు పిల్లలు దోమ కడుపులో ఎదుగుతాయని కనిపెట్టాడు. దోమకూ మనిషి జబ్బుకూ ఉన్న లంకె మొదటిసారి బయటపడింది అప్పుడే, మలేరియా దోమ సంగతి తేలడానికి ఇరవై ఏళ్ల ముందు. ఆరోగ్య సిబ్బంది అర్ధరాత్రి పేటల్లో తిరిగి వేలికొన నుంచి రక్తం తీసేది పురుగు పిల్లల ఈ రాత్రి సంచారం వల్లే.

క్యూలెక్స్ గుడ్లు పెట్టేది మురుగునీటిలో. మంచినీటి తొట్టెలు డెంగీ దోమవి. కాలువలు, సెప్టిక్ ట్యాంకులు, నిలిచిన గెడ్డలు దీనివి. విశాఖలో కొండల మీది నీరంతా గెడ్డలుగా దిగి పల్లానికి వస్తుంది. పల్లపు పేటల్లో చెత్తకు అడ్డుపడి దాని నడక మందగిస్తుంది. పాత నీరు నిలిచి, అన్ని కాలాల్లోనూ చల్లగా ఉండే చోట్ల శ్లీపదం ఎక్కువని సుశ్రుత సంహిత చెప్పింది. శ్లీపదం అంటే బోదకాలే. దోమ ప్రస్తావన లేకపోయినా నీటి ప్రస్తావన ఉంది. అంత పాత గమనిక మన మురుగుకాలువల విషయంలో ఇంకా అక్షరాలా నిజం కావడం నాకు మింగుడుపడదు.

ఒక్క దోమకాటుతో ఈ జబ్బు రాదు. మలేరియా క్రిమి దోమలో లెక్కకు మించి పెరుగుతుంది, ఇది పెరగదు. ఎన్ని పిల్లలు పోతే అంతకు మించి రావు. అవి రెండు వారాల్లో ఎదిగి, దోమ మళ్లీ కుట్టినప్పుడు చర్మం మీద జారి, కాటు రంధ్రంలోంచి లోపలికి పాకుతాయి. నెలలు, ఏళ్ల తరబడి కాట్లు పడితే తప్ప ఆడ, మగ పురుగులు రెండూ చేరి కాపురం పెట్టడం కష్టం. చాలామందికి ఇది చిన్నతనంలోనే సోకుతుంది, కాలు వాచేది యౌవనం దాటాక. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే వంశపారంపర్యం అనుకుని పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయి. కాదు. ఆ ఇంట్లో అందరూ పడుకున్నది ఒకే గెడ్డ పక్కన. తాకితే, కంచం పంచుకుంటే, పక్కన కూర్చుంటే అంటుకునేది అంతకన్నా కాదు.

డి.ఇ.సి. ఈ పురుగు మీద పనిచేస్తుంది. రక్తంలోని పిల్లలను ఊడ్చేస్తుంది, పెద్ద పురుగుల్లో కొన్నిటిని చంపుతుంది. ఇంతవరకు మాత్రకు వంక పెట్టనవసరం లేదు.

ఇక వాపు. పంటకాలువను తలుచుకోండి. ఎవరో మట్టి తెచ్చిపోసి, లోపల ఒకదాని తర్వాత ఒకటిగా ఉన్న తలుపులు విరగ్గొట్టి పోయారు. ఆ మనిషిని ఊరు వెళ్లగొట్టినా తలుపులు బాగుపడవు, పూడికా పోదు. పురుగు ఉన్న చోట లింఫు నాళం ఉబ్బి సాగిపోతుంది, నీరు వెనక్కి జారకుండా ఆపే కవాటాలు మూతపడవు. పైకి పోవలసిన నీరు కిందికి జారి పాదంలో నిలుస్తుంది. నిలిచిన నీటిలోని మాంసకృత్తుల వల్ల చర్మం కింద కొవ్వు, నార పేరుకుంటాయి. మొదట్లో వేలితో నొక్కితే గుంట పడే వాపు రాత్రి పడుకుని లేచేసరికి తగ్గుతుంది. తర్వాత తగ్గదు. ఆ తర్వాత గట్టిపడి గుంట కూడా పడదు. చివరికి మడతలు, బుడిపెలు వస్తాయి.

ఈ దశకు వచ్చేసరికి చాలామంది ఒంట్లో బతికున్న పురుగే ఉండదు, రక్తంలో పిల్లలు కనిపించవు. అందుకే పెద్దమ్మ పరీక్షలో ‘లేదు’ అని వచ్చింది. ఆ మాటకు అర్థం ‘నీది బోదకాలు కాదు’ అని కాదు. పురుగు తన పని ముగించుకుని పోయింది, నాళం మాత్రం చెడిపోయి మిగిలింది అని. అప్పుడు ఎన్ని డి.ఇ.సి. మాత్రలు మింగినా వాపు తగ్గదు. ఈ ఒక్క వాక్యం ఆమెకు ముప్ఫై ఏళ్ల కిందట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మనిషిని కూలదోసేది జ్వరం. ముందు ఒళ్లంతా వణుకు. రెండు దుప్పట్లు కప్పినా ఆగదు. గజ్జల్లో బిళ్ల కడుతుంది. గంటల్లో కాలు ఎర్రబడి, పొయ్యి మీద పెట్టినట్టు కాలిపోతుంది, దుప్పటి అంచు తగిలినా ఓర్వలేరు. నాలుగు రోజులకో వారానికో తగ్గుతుంది. కానీ తగ్గిన ప్రతిసారీ కాలు ముందటికన్నా కొంచెం లావై మిగులుతుంది. పురుగు తిరగబడిందని పేటలో అంటారు. చాలాకాలం వైద్యులూ ఇంచుమించు అలాగే అనుకున్నారు.

బ్రెజిల్‌లోని రెసీఫే నగరంలో జెరూసా డ్రేయర్ అనే వైద్యురాలు, ఆమెతో పనిచేసినవారు రోగుల పాదాలను ఓపికగా పరిశీలించి, ఈ జ్వరాల్లో అత్యధికం మామూలు బ్యాక్టీరియా వల్ల వస్తున్నాయని గట్టిగా చెప్పారు. ముఖ్యంగా స్ట్రెప్టోకాకస్ జాతి. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా నాని చిట్లుతుంది, అక్కడ తామరలాంటి శిలీంధ్రం చేరుతుంది, ఆ చీలికే బ్యాక్టీరియాకు వాకిలి. ఆరోగ్యమైన కాలిలో లోపలికి వచ్చిన క్రిమిని లింఫు ఊడ్చుకుపోతుంది. నీరు నిలిచిన కాలిలో అది అక్కడే పండగ చేసుకుంటుంది. చచ్చే పురుగు వల్ల వచ్చే నొప్పి కూడా ఒకటుంది. అప్పుడు తాడులాంటి గట్టి గీత తొడ నుంచి కిందికి దిగుతుంది, జ్వరం తక్కువగా ఉంటుంది. అది అరుదు. పెద్దమ్మ ఇంటూలన్నీ మొదటి రకానివే.

అంటే, ఆ వాకిలి మూస్తే జ్వరం ఆగుతుంది. జ్వరం ఆగితే వాపు పెరగడం ఆగుతుంది, కొందరిలో కొంత తగ్గుతుంది కూడా. ఈ మూయడం ఇంట్లో చేసేదే, రోజూ చేసేదే. పద్ధతిలో చిన్న చిన్న తప్పులే ఫలితాన్ని పాడుచేస్తాయి కనుక కాస్త వివరంగా చెబుతాను.

ఒక టబ్బు, మగ్గు, మామూలు ఒంటిసబ్బు, మెత్తని పాతబట్ట చాలు. నీళ్లు గది వేడిలోనే ఉండాలి. వేడినీళ్లు వాపును పెంచుతాయి. సబ్బును కాలికి రుద్దకుండా చేతిలో నురగ చేసుకుని, వాపు ఎక్కడ మొదలైందో అక్కడి నుంచి పాదం దాకా మెల్లగా కడగాలి. బ్రష్షు, పీచు, రాయి వద్దు; అవి కొత్త వాకిళ్లు తెరుస్తాయి. చర్మం మడతలుంటే ప్రతి మడతా విప్పి కడగాలి. వేళ్ల సందుల్లోకి సన్నని గుడ్డముక్క పోనిచ్చి శుభ్రం చేయాలి. నీళ్లలో సబ్బు తెలుపు కనిపించకుండా పోయేదాకా మంచినీళ్లు పోయాలి.

అందరూ తొందరపడేది ఆ తర్వాతే. తడి ఆర్పడం కడగడం కన్నా ముఖ్యం. రుద్దకుండా అద్దాలి. సందుల్లో తడి పోయేదాకా పలచని గుడ్డ అంచుతో ఒక్కొక్క సందునూ ఆర్పాలి. ఏప్రిల్, మే నెలల్లో విశాఖ గాలిలో ఉన్న ఉక్కకు తడి దానంతట అది ఆరదు. పెద్దమ్మ ముప్ఫై ఏళ్లుగా రోజూ కాళ్లు కడుక్కుంటూనే ఉన్నారు. గడప దగ్గర చెంబుడు నీళ్లు పోసుకుని తడికాళ్లతోనే లోపలికి వచ్చేవారు. శుభ్రత అని ఆమె నమ్మిన ఆ అలవాటే సందులను నానబెట్టింది.

సందుల్లో తెల్లగా, దురదగా ఉంటే శిలీంధ్రానికి వాడే పూత మందు, చీలిక ఉంటే క్రిమి సంహారక పూత, డాక్టరు చెప్పిన ప్రకారం రాయాలి. కూర్చున్నప్పుడు కాలు స్టూలు మీద చాపాలి. రాత్రి మంచం పాదాల వైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయాలి. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఈ పని చేయకూడదు. గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగడం, చీలమండను గుండ్రంగా తిప్పడం పూటకు పది పదిహేనుసార్లు చేయాలి. పిక్కకండ ముడుచుకున్నప్పుడల్లా నీరు పైకి తోసుకుపోతుంది. చెడిన కాలువకు అదొక్కటే మిగిలిన తోడుపంపు. బట్ట కట్లు ఉపయోగపడతాయి కానీ కట్టే పద్ధతి ఫిజియోథెరపీ నిపుణుల దగ్గర నేర్చుకోవాలి. సొంతంగా బిగించిన కట్టు ఉన్న నాళాలనూ నొక్కేస్తుంది.

జ్వరం వచ్చిన రోజుల్లో లెక్క మారుతుంది. వ్యాయామం, కట్లు ఆపేయాలి. తడిగుడ్డ వేసి చల్లబరచాలి, కాలు ఎత్తులో పెట్టాలి, నీళ్లు బాగా తాగాలి, జ్వరానికి పారాసిటమాల్ వేసుకోవాలి. యాంటీబయాటిక్ కోసం ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ వేళలో డి.ఇ.సి. వేసుకోకూడదు. మా ఇంట్లో ముప్ఫై ఏళ్లపాటు జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు. మాటిమాటికీ వచ్చేవారికి కొందరు డాక్టర్లు ముందుజాగ్రత్తగా దీర్ఘకాలం పనిచేసే పెన్సిలిన్ ఇస్తారు. అడిగి తెలుసుకోవాలి. కాపడం, వాతలు, పసరు కట్లు, బిళ్ల కోయించడం ఇవన్నీ కొత్త గాయాలే. వంకాయ, చేప, పెరుగు మానేయడం వల్ల వాపు తగ్గదు. ఒంటి బరువు తగ్గితే మాత్రం కాలికి హాయి.

చెప్పుల మాట చెప్పకపోతే ఈ లెక్క పూర్తికాదు. పెద్దమ్మకు సింహాద్రి అప్పన్న మీద చెప్పలేనంత భక్తి. ఆషాఢ పౌర్ణమి ముందురోజు ముప్ఫై రెండు కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ ఉత్త పాదాలతో చాలా ఏళ్లు చేశారు. క్యాలెండర్ తిరగేసినప్పుడు ఆషాఢ పౌర్ణమి తర్వాతి వారంలో ఇంటూలున్నాయి. ఆమెకు ఆ సంగతి చూపించడానికి నాకు నోరు రాలేదు. చివరికి ఆమే చూసి, ‘స్వామి నన్ను నడవమనలేదు నాయనా, నేనే మొక్కుకున్నాను’ అన్నారు. ఇప్పుడు బస్సులో కొండెక్కి దర్శనం చేసుకుని వస్తున్నారు. బీచ్ ఇసుకలో నడిస్తే, ఉప్పునీటిలో నిలబడితే వాపు లాగేస్తుందని ఆశపడేవారూ మన ఊళ్లో ఉన్నారు. గుల్లముక్క గీసిన గీత చాలు, వారం రోజుల జ్వరానికి. మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు అడుగు, వెడల్పు పట్టీలు ఉన్న చెప్పులు కాలి కొలతకు కుట్టించుకోవాలి.

చికిత్స కోసం ఎక్కడికి వెళ్లాలన్నది తేలికైన ప్రశ్న కాదు, ఎందుకంటే వాచిన ప్రతి కాలూ బోదకాలు కాదు. రెండు పాదాలూ వాచి ఆయాసం ఉంటే గుండె, పొద్దున్నే ముఖం ఉబ్బుతుంటే మూత్రపిండాలు, మెలికలు తిరిగిన నీలి నరాలుంటే సిరలు చూపించుకోవాలి. ఉన్నట్టుండి ఒక్క కాలే వాచి పిక్క నొప్పి పెడితే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, మర్నాటి దాకా ఆగకూడదు. అందుకని మొదట జనరల్ మెడిసిన్‌లో చూపించి, షుగర్ పరీక్షతో సహా ఇవన్నీ తేల్చుకోవడం మంచిది. 1923 నుంచి ఉత్తరాంధ్రకు పెద్దదిక్కుగా ఉన్న కింగ్ జార్జి ఆసుపత్రిలో ఇవన్నీ ఒకే ఆవరణలో దొరుకుతాయి. కానీ నెలనెలా కావలసిన సలహా, పూత మందులు పేటలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో అడగండి. టబ్బు, మగ్గు, టవలు, సబ్బు, పూత మందు ఉన్న సంరక్షణ కిట్ ప్రభుత్వ ఫైలేరియా కార్యక్రమంలో భాగం. ఏ.ఎన్.ఎం. దగ్గర పేరు నమోదు చేయించుకుని అడగాలి.

శస్త్రచికిత్స గురించి రెండు మాటలు. మగవారిలో ఇదే పురుగు వల్ల వచ్చే వరిబీజం ఆపరేషన్‌తో నయమవుతుంది, సిగ్గుపడి దాచుకోవలసిన పని లేదు. కాలి వాపుకు లింఫు నాళాన్ని సిరతో కలిపే సూక్ష్మ శస్త్రచికిత్స తొలిదశలో కొందరికి మేలు చేస్తుంది, కానీ రోజువారీ కడగడం దాని తర్వాతా తప్పదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. భరోసా కింద రెండు కాళ్లకూ నాలుగో దశ బోద ఉన్నవారికి నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. అది అవసరమే, కాదనను. కానీ ఒక కాలు వాచి, రెండో దశలో ఉండి, ఏడాదికి ఏడుసార్లు కూలి పోగొట్టుకునే మనిషికి అది అందదు. ఆ మనిషిని నాలుగో దశకు పోకుండా నిలిపేవి సబ్బు, గుడ్డ, ఒక నర్సు వెచ్చించే అరగంట. పాదం విప్పి చూసే ఆ అరగంట ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను.

సామూహిక మందుల పంపిణీ పెట్టినచోట ఇంటికి వచ్చి ఇచ్చే డి.ఇ.సి., ఆల్బెండజోల్ మాత్రలు వాపు ఉన్నవారి కాలు తగ్గించడానికి కాదు. రక్తంలో పురుగు పిల్లలను మోస్తూ ఏమీ తెలియకుండా తిరిగేవారిని, అంటే మనలో ఎవరినైనా, ఉద్దేశించినవి. పెద్ద పురుగు ముసలిదై చచ్చేదాకా ఏటా ఒకసారి, కనీసం ఐదేళ్లు ఊరంతా మింగితే దోమకు ఎత్తుకుపోవడానికి ఏమీ దొరకదు. చైనా 2007లో, శ్రీలంక 2016లో ఈ జబ్బు నుంచి బయటపడ్డాయి. మన దేశం 2027ను గడువుగా పెట్టుకుంది. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారు తప్ప అందరూ, ఏదైనా తిన్న తర్వాత, ఇచ్చిన మనిషి ఎదుటే మింగాలి. కొందరికి తలనొప్పి, జ్వరం వస్తాయి. రక్తంలోని పురుగు పిల్లలు చస్తున్నప్పుడు వచ్చేవి అవి, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి.

పెద్దమ్మ కాలు సన్నబడలేదు. కొంచెం మెత్తబడింది. కిందటి ఏడాది క్యాలెండర్‌లో ఇంటూలు రెండుసార్లే పడ్డాయి. ఆమె వంగలేరు కనుక రాత్రి భోజనాలయ్యాక పన్నెండేళ్ల మనవడు టబ్బు తెచ్చి పెడతాడు. గోళ్లు నేరుగా కత్తిరించాలని, మూలలు తవ్వకూడదని వాడికి ఒక్కసారే చెప్పాను. అంతా అయ్యాక వాడు ఫోను లైటు వేసి నాలుగు సందులూ వరసగా చూస్తాడు. ‘నాన్నమ్మా, చిటికెన వేలి దగ్గర మళ్లీ తెల్లగా ఉంది’ అంటాడు. పూత మందు గొట్టం కోసం ఆమె అప్పటికే చెయ్యి చాపి ఉంటారు.